పక్కపక్క సీట్లకు వేర్వేరు రేట్లెందుకు? విమాన టికెట్ ధరలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో పదహారేళ్లుగా విమాన టికెట్లు చేస్తున్నాను. కౌంటర్ ముందు కూర్చున్నవాళ్లు, ఫోన్ చేసేవాళ్లు అడిగేవి దాదాపు ఈ ప్రశ్నలే. జవాబు తెలియక కొందరు వెయ్యో రెండు వేలో ఎక్కువ కట్టేస్తున్నారు, ఇంకొందరు ఎవరో తమను మోసం చేశారని బాధపడుతున్నారు. ఆ రెండూ తగ్గాలని ఇది రాస్తున్నాను. లెక్కల్లో చూపిన టికెట్ రేట్లు అర్థం కావడానికి వేసుకున్నవి. రోజూ మారే అంకెలు కాబట్టి వాటిని పట్టుకోకండి, పద్ధతిని పట్టుకోండి.

పక్క సీటాయన 3,400కి కొన్నాడట. నాకు 7,900 పడింది. ఒకే విమానం, ఒకే రకం సీటు. ఇదేం న్యాయమండీ?

హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే విమానంలో 180 సీట్లున్నాయనుకోండి. వాటన్నింటినీ ఒకే రేటుకు అమ్మరు. పది పన్నెండు మెట్లు కడతారు. ఒక్కో మెట్టుకు ఒక్కో రేటు, ఆ రేటుకు ఇన్ని సీట్లకు మించి అమ్మకూడదని ఒక హద్దు. మా పనిలో ఆ మెట్టునే క్లాస్ అంటాం, బకెట్ అని కూడా అంటాం. మీరు వెబ్‌సైట్‌లో చూసేది ఆ నిమిషానికి తెరిచి ఉన్న మెట్లలో అన్నిటికంటే కిందిదాని రేటు. ఆయన కొన్న రోజు కింది మెట్టు తెరిచి ఉంది. మీరు కొనే రోజుకు అది నిండిపోయింది, లేదా విమాన సంస్థే మూసేసింది.

14సీ చౌక సీటు, 15సీ ఖరీదు సీటు అని ఉండదు. సీటు నంబరుకు ఈ క్లాసుకు సంబంధమే లేదు. కిటికీ సీటు కావాలని విడిగా కట్టే డబ్బు వేరే లెక్క.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ మెట్లు గోడలు కట్టిన గదులు కావు, ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. పై రేటు ఇచ్చేవారికి కింది మెట్ల సీట్లు కూడా అందుతాయి. కింది రేటు ఇచ్చేవారికి పైవి అందవు. అందుకే ఎప్పుడు మూతపడినా చౌకవే ముందు మూతపడతాయి. 7,900 ఇచ్చే మనిషికి సీటు లేదని చెప్పి, 3,400 ఇచ్చేవారికి మాత్రం ఉందనే పరిస్థితి రాకుండా ఈ ఏర్పాటు.

టికెట్ మీద విడిగా కనిపించే ఒక్క అక్షరం ఏమిటి?

అదే ఆ మెట్టు పేరు. వై అంటే ఎకానమీలో పూర్తి ఛార్జీ, జె అంటే బిజినెస్‌లో పూర్తి ఛార్జీ, ఎఫ్ అంటే ఫస్ట్ క్లాస్. ఈ మూడూ చాలా సంస్థల్లో ఒకేలా ఉంటాయి. మిగతావి ఎవరి ఇష్టం వాళ్లది. ఒక సంస్థలో క్యూ అడుగు మెట్టు కావచ్చు, ఇంకో సంస్థలో నడి మెట్టు కావచ్చు. ఇంగ్లీషులో ఉన్నవే 26 అక్షరాలు కాబట్టి మెట్ల సంఖ్యకు కూడా అక్కడే ఒక హద్దు ఏర్పడింది. ఈ మధ్య కొన్ని పెద్ద సంస్థలు తమ సొంత వెబ్‌సైట్లలో రెండు మెట్ల మధ్యలో కూడా రేటు పెట్టే పద్ధతికి మారుతున్నాయి.

ఆ అక్షరంతో మొదలై కొన్ని అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి కోడ్ ఒకటి టికెట్‌లో ఉంటుంది. దాన్ని ఫేర్ బేసిస్ అంటాం. తేదీ మార్చుకుంటే ఎంత కట్టాలి, రద్దు చేస్తే ఎంత వస్తుంది, మైల్స్ (తరచూ ఎగిరేవాళ్లకు సంస్థ ఇచ్చే పాయింట్లు) ఎన్ని పడతాయి అన్నవన్నీ దానికే కట్టి ఉంటాయి. అమెరికా, ఆస్ట్రేలియా టికెట్లు కొనేవాళ్లు రేటుతో పాటు ఈ కోడ్ షరతులు కూడా చదివించుకోండి. పాప పరీక్షల తేదీలు మారితే తిరుగు ప్రయాణం జరపాల్సి వస్తుంది. అప్పుడు కొన్నప్పుడు మిగిలిన నాలుగు వేలకు పదిహేను వేలు వదులుకున్నవాళ్లను చూశాను.

ఏజెంట్ స్క్రీన్ మీద “9” అని ఉంది. తొమ్మిదే సీట్లా?

మా స్క్రీన్ మీద ఒక విమానం ఇలా కనిపిస్తుంది: వై9 బి9 ఎం9 హెచ్9 కె4 ఎల్2 క్యూ0. క్యూ మూసేశారు. ఎల్ రేటుకు రెండు సీట్లు దొరుకుతాయి. కె రేటుకు నాలుగు. ఆ నాలుగులో ఎల్‌లో చూపిన రెండూ కలిసే ఉన్నాయి, విడిగా ఆరు కాదు. హెచ్9 అంటే తొమ్మిది, అంతకంటే ఎక్కువ. ఒక్క అంకెకే చోటుంది కనుక 9 దగ్గర ఆగిపోతుంది. కొన్ని సంస్థలు తమ లెక్క బయటపడకుండా 7 దగ్గరో 4 దగ్గరో ఆపేస్తాయి.

వెబ్‌సైట్‌లో “ఈ రేటుకు 2 సీట్లే” అని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తే విమానంలో రెండే మిగిలాయని టెన్షన్ పడకండి. ఆ మెట్టులో రెండే మిగిలాయని అర్థం. అయితే అవి అయిపోతే తర్వాత మెట్టు ఎంత ఎత్తున ఉందో అక్కడ చెప్పరు. కొన్నిసార్లు రెండు వందల తేడా, కొన్నిసార్లు రెండు వేలు.

ఒక్కరికి చూస్తే తక్కువ, నలుగురికి కలిపి చూస్తే తలకు ఎక్కువ. ఎందుకు?

మీ డబ్బు నిజంగా మిగిలేది ఈ ప్రశ్న దగ్గరే. కాస్త నిదానంగా చెబుతాను.

దసరా సెలవులకు విజయవాడ నుంచి బెంగళూరు వెళ్లాలని ఒకావిడ ఫోన్ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. “ఒక్కదానికి చూస్తే 4,300 అంది తమ్ముడూ, నలుగురికి కొట్టేసరికి 5,600 అంటోంది. నా ఫోన్‌లో ఏమైనా తేడా ఉందా?” అన్నారు. ఫోన్ బాగానే ఉంది. సిస్టం తెరిస్తే పైన చెప్పిన వరసే: కె4 ఎల్2 క్యూ0. ఎల్ 4,300, కె 5,600. ఒక బుకింగ్‌లో నలుగురిని అడిగితే, నలుగురికీ ఒకే క్లాసులో సీట్లు దొరికే మెట్టు కోసం సిస్టం వెతుకుతుంది. ఎల్‌లో నాలుగు లేవు. కాబట్టి నలుగురినీ కె మెట్టు ఎక్కించి 22,400 చూపించింది. చౌకగా ఉన్న రెండు సీట్లను ఆవిడకు చూపించనే లేదు.

రెండుగా చేశాం. ఆవిడ, పాప ఒక పీఎన్ఆర్ మీద ఎల్‌లో. ఆ రెండూ తీయగానే కె4 కాస్తా కె2 అయింది. వాళ్లాయన, బాబు రెండో పీఎన్ఆర్ మీద కె‌లో. మొత్తం 19,800. అదే విమానం, 2,600 మిగిలాయి. ఆవిడ ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ “మరి ఆ ఫోన్‌లో ఈ ముక్క ఎందుకు చెప్పరు?” అని అడిగారు. ఆ ప్రశ్న నాకూ ఉంది. తక్కువ రేటుకు రెండు, పై రేటుకు రెండు ఉన్నాయని చూపించడం ఏ వెబ్‌సైట్‌కైనా పెద్ద పని కాదు. చూపించాలనే నా అభిప్రాయం.

మీరే ఇంట్లో చేసుకోవాలంటే ముందు ఒక్కరికి చూడండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. తల రేటు ఎక్కడ పెరిగిందో అక్కడ మెట్టు మారిందన్నమాట. చౌక మెట్టులో ఉన్నన్ని ముందు కొని, మిగతావి ఆ వెంటనే కొనండి. ప్రతి పీఎన్ఆర్‌లో పిల్లలతో పాటు ఒక పెద్ద మనిషి ఉండేలా చూసుకోండి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది: విమానం రద్దయి వేరే విమానంలోకి మార్చేటప్పుడు రెండు పీఎన్ఆర్‌లను సిస్టం రెండు కుటుంబాలుగానే చూస్తుంది. సంస్థకు ఫోన్ చేసి రెండూ ఒకే కుటుంబమని రిమార్క్ రాయించుకోండి. తేడా రెండు మూడు వందలే అయితే ఈ తంటా వద్దు, కలిపే కొనండి.

గంట క్రితం ఉన్న రేటు ఇప్పుడు లేదు. నేను పదేపదే చూస్తున్నానని పెంచారా?

మీరు చూడటం వల్ల మెట్టు మూతపడదు. ఎవరైనా కొనడం వల్లో, ఏజెంటు సీట్లు హోల్డ్‌లో పెట్టడం వల్లో మూతపడుతుంది. అందుకే ఒక్కోసారి పెరిగిన రేటు మళ్లీ తగ్గుతుంది కూడా. హోల్డ్ చేసినవాళ్లు గడువులోపు డబ్బు కట్టకపోతే ఆ సీట్లు తిరిగి సిస్టంలోకి వస్తాయి. రాత్రి పెరిగిన రేటు పొద్దున్నే దిగొచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది. వెతుకులాట సైట్లు ప్రతిసారీ సంస్థను అడగవు, కాసేపటి క్రితం తెచ్చిపెట్టుకున్న రేటునే చూపిస్తాయి. మీరు నొక్కి ముందుకు వెళ్లాక అసలు రేటు బయటపడుతుంది. చూసేవారికి అది పెంచినట్టే కనిపిస్తుంది. కావాలంటే వేరే ఫోన్‌లో చూసుకోండి, అందులో తప్పు లేదు. మెట్టు నిజంగా మూతపడి ఉంటే అక్కడా అదే రేటు వస్తుంది.

ఎన్ని రోజుల ముందు కొంటే మంచిది?

కొన్ని మెట్లకు రోజుల షరతు ఉంటుంది. ప్రయాణానికి 21 రోజుల ముందు, 14 రోజుల ముందు, 7 రోజుల ముందు కొనాలని. ఆ రోజు దాటితే సీట్లు ఖాళీగా ఉన్నా ఆ మెట్టు దొరకదు. 14వ రోజు రాత్రి, 13వ రోజు పొద్దున్న మధ్య రేటు ఎందుకు ఎగిరిందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

పండగల సంగతి వేరు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ వైపు భోగి ముందు రెండు మూడు రోజులు అందరూ ఒకే దిక్కుకు వెళతారు. కనుమ అయ్యాక అంతా ఎదురు దిక్కు. ఏటా జరిగేదే కాబట్టి సంస్థల దగ్గర పాత లెక్కలన్నీ ఉంటాయి. ఆ రోజుల్లో కింది మెట్లను మొదటి నుంచే తెరవరు, తెరిచినా నాలుగైదు సీట్లే. “రెండు నెలల ముందే చూశాను, అప్పుడూ ఎక్కువే” అని అందుకే అంటారు. పండగ టికెట్ తగ్గుతుందని ఎదురుచూడొద్దని గట్టిగా చెబుతాను. సెలవు ఖాయమైన రోజే కొనేయండి. వీలైతే మీ తల్లిదండ్రులనే హైదరాబాద్ పిలిపించుకోండి. అదే వారంలో ఎదురు దిక్కు విమానాలు ఖాళీగా వస్తాయి, వాటిలో కింది మెట్లు తెరిచే ఉంటాయి.

మామూలు రోజులైతే దేశంలో తిరిగేవారికి మూడు నాలుగు వారాల ముందు చాలు. ఆగస్టులో అమెరికా కాలేజీలకు వెళ్లే పిల్లలకు మాత్రం వీసా రాగానే కొనమంటాను. హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్, అబుధాబి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా వెళ్లే విమానాలన్నీ ఆ కొద్ది వారాల్లోనే నిండుతాయి.

మంగళవారం అర్ధరాత్రి కొంటే తక్కువట, నిజమేనా?

కాదు. ఏ రోజు కొన్నారన్నదాని కంటే ఏ రోజు ఎగురుతున్నారన్నది ముఖ్యం. శుక్రవారం సాయంత్రం, ఆదివారం రాత్రి విమానాల్లో కింది మెట్లు త్వరగా మూస్తారు. మంగళ, బుధవారాల మధ్యాహ్నం విమానాల్లో ఎక్కువ రోజులు తెరిచి ఉంచుతారు.

ఏ మెట్టులో ఎన్ని సీట్లు ఉంచాలో ఎవరు లెక్కేస్తారు?

కళ్లంలోనే పంటంతా అమ్మేసే రైతు ఉంటాడు, కొంత గాదెలో ఆపుకుని ధర వచ్చాక అమ్మే రైతు ఉంటాడు. సంస్థ చేసేది రెండో రకం పని. కానీ దానికి ఒక చిక్కుంది. విమానం గాల్లోకి లేచాక మిగిలిన సీటుకు రూపాయి కూడా రాదు. ఎంత ఆపాలి, ఎంత అమ్మాలి?

1972లో కెన్ లిటిల్‌వుడ్ అనే ఆయన దీనికి ఒక సూత్రం చెప్పారు. బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషన్‌లో పనిచేసేవారు. చౌక టికెట్ 3,000, ఖరీదు టికెట్ 9,000 అనుకోండి. ఇప్పుడే 3,000 ఇస్తానని ఒకరు నిలబడ్డారు. ఆ సీటును ఆపితే తర్వాత 9,000 ఇచ్చే మనిషి వచ్చే అవకాశం మూడింట ఒక వంతు కంటే ఎక్కువగా ఉంటే ఆపాలి, తక్కువగా ఉంటే అమ్మేయాలి. అంతే సూత్రం. ఎందుకు మూడింట ఒక వంతు అంటే, 3,000ను 9,000తో భాగిస్తే వచ్చేది అదే.

అమెరికాలో 1978లో ప్రభుత్వం విమాన ఛార్జీల మీద పట్టు వదిలాక ఈ లెక్కకు అసలు పని పడింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థ చాలా తక్కువ ఛార్జీలతో జనాన్ని లాగేసుకుంది. రాబర్ట్ క్రాండల్ నడిపే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985 జనవరిలో దానికి పోటీగా తక్కువ ఛార్జీ పెట్టింది, అయితే కొన్ని సీట్లకే, ముందుగా కొనేవాళ్లకే. చివరి రోజుల్లో కొనే వ్యాపారస్తులకు పాత రేటే. పీపుల్ ఎక్స్‌ప్రెస్ దగ్గర అలా సీట్లు విడదీసే కంప్యూటర్ ఏర్పాటు లేదు. రెండేళ్లకే అది వేరే సంస్థలో కలిసిపోయింది. 1987లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పీటర్ బెలొబాబా రెండు మెట్ల సూత్రాన్ని అనేక మెట్లకు విస్తరించారు. ఈ రోజుకూ చాలా సిస్టంల పునాది అదే.

ఇప్పుడు కంప్యూటర్ ప్రతి విమానానికి పాత అమ్మకాలు చూసి హద్దులు పెడుతుంది, సంస్థలో కూర్చున్న మనుషులు వాటిని సరిచేస్తారు. ఊళ్లో క్రికెట్ మ్యాచ్ ఉందనో, పెద్ద పరీక్ష ఉందనో కంప్యూటర్‌కు తెలియకపోతే వాళ్లే మెట్లు మూస్తారు.

విజయవాడ–ఢిల్లీ విడిగా, ఢిల్లీ–లండన్ విడిగా కొంటే ఎక్కువ, కలిపి కొంటే తక్కువ. ఇదెలా?

ఢిల్లీ విమానంలో ఆఖరి సీటుంది. దాన్ని ఢిల్లీ వరకే వెళ్లేవారికి ఇవ్వాలా, లండన్ వెళ్లేవారికి ఇవ్వాలా? లండన్ మనిషి మొత్తంగా ఎక్కువ తెస్తాడు కాబట్టి ఆయన అడిగితే మెట్టు తెరుస్తారు, ఢిల్లీ వరకే అడిగితే “లేదు” అంటారు. అదే సీటు అడిగే మనిషిని బట్టి ఉంటుంది, ఉండదు. రెండు విమానాలూ బాగా నిండుతుంటే దీనికి తిరగబడి, కలిపి కొన్నదే ఖరీదు కావచ్చు. రెండు రకాలుగానూ చూడండి. కానీ విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఎవరూ బాధ్యత తీసుకోరు. అంతర్జాతీయ ప్రయాణానికి నేను కలిపే చేస్తాను.

కలిపి కొని చివరి ముక్క ఎగ్గొడదామని కొందరు చూస్తారు. మధ్యలో ఒక విమానం ఎక్కకపోతే తర్వాతవన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దవుతాయి. వద్దండి.

ప్రభుత్వం ఈ రేట్లను ఆపలేదా?

మామూలుగా ఆపదు. 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 1994లో రద్దయింది. అప్పటి నుంచి సంస్థలే ఛార్జీలు పెట్టుకుంటున్నాయి. ఏ రూట్‌లో ఏ మెట్టు నుంచి ఏ మెట్టు దాకా అమ్ముతారో వెబ్‌సైట్‌లో చూపాలి, ఆ హద్దు దాటుతున్నారా అని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ చూస్తుంది. పై మెట్టే చాలా ఎత్తున పెట్టి ఉంటుంది కనుక, పండక్కి 15,000 తీసుకున్నా నిబంధన తప్పినట్టు కాదు.

పట్టు బిగించిన సందర్భాలున్నాయి. కోవిడ్ తర్వాత 2020 మే 25 నుంచి 2022 ఆగస్టు 31 వరకు ప్రయాణ సమయాన్ని బట్టి ఛార్జీకి అడుగు, పైకప్పు రెండూ పెట్టారు. మొదట్లో కనీసం 40 శాతం సీట్లు ఆ రెండింటికీ సరిగ్గా నడిమి రేటు కంటే తక్కువకే అమ్మాలన్నారు. అంటే ప్రభుత్వమే మెట్లలో సీట్లు పంచింది. 2025 డిసెంబరులో ఒకేసారి వందల విమానాలు రద్దయి రేట్లు ఆకాశానికి అంటినప్పుడు కూడా 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి కిలోమీటర్ల లోపు 12,000 అంటూ దూరాన్ని బట్టి తాత్కాలికంగా కట్టడి చేశారు.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో కూడా ఇదే సూత్రం. సుమారు గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500కి మించకూడదని మొదట పెట్టారు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో మన కడప–హైదరాబాద్ కూడా ఉంది. పండగ వారాలకైనా ఇలా కొన్ని సీట్లు పైకప్పు కింద ఉంచాలని నేను కోరుకుంటాను. ఏడాదికి ఒక్కసారి ఊరెళ్లే కుటుంబానికి అది చాలా పెద్ద ఊరట.

నాన్ రిఫండబుల్ టికెట్ రద్దు చేస్తే ఏమీ రాదా?

వస్తుంది. బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ పోవచ్చు. పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు లాంటివి మాత్రం ఎంత చౌక మెట్టు టికెట్ అయినా తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. రద్దు చేయకుండానే ప్రయాణం మానేసినా అంతే. మా కస్టమర్ ఒకాయనకు ఒక బుకింగ్ సైట్ “రిఫండ్ సున్నా” అని మెయిల్ పెట్టింది. ఈ నిబంధన రాసి మళ్లీ అడిగితే కొన్ని రోజులకు తొమ్మిది వందల చిల్లర ఖాతాలో పడ్డాయి. అడగండి, అది మీ డబ్బు.

టికెట్ చేతిలో ఉన్నా సీటు లేదన్నారు. అలా చేయొచ్చా?

కొంతమంది ఎలాగూ రారనే అంచనాతో ఉన్న సీట్ల కంటే కొన్ని ఎక్కువ అమ్ముతారు. అందరూ వస్తే, ముందు ఇష్టపూర్వకంగా ఆగేవాళ్లెవరని అడగాలి. ఎవరూ ఒప్పుకోక మిమ్మల్ని ఆపేస్తే, అసలు సమయానికి గంటలోపు వేరే విమానం ఇస్తే పరిహారం లేదు. 24 గంటల్లోపు పంపితే ఒక వైపు బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీకి రెండింతలు, 10,000 మించకుండా. అంతకంటే ఆలస్యమైతే నాలుగింతలు, 20,000 మించకుండా. చౌక మెట్టులో కొన్నారని ఈ హక్కు తగ్గదు. సమయానికి చెకిన్ కావడం మాత్రం తప్పనిసరి.

పెళ్లికి ముప్పైమంది వెళ్లాలి. గ్రూప్ రేటు తక్కువేగా?

పదిమంది, అంతకంటే ఎక్కువ ఉంటే చాలా సంస్థలు గ్రూప్ డెస్క్‌కు పంపిస్తాయి. రేటు మామూలుగా అడుగు మెట్టు కంటే ఎక్కువే ఉంటుంది. ముప్పై సీట్లు ఒకేసారి ఇస్తే పై మెట్లలో అమ్ముకోగలిగినవి పోతాయని వాళ్ల లెక్క. అయినా పేర్లు తర్వాత ఇవ్వొచ్చు, డబ్బు విడతల్లో కట్టొచ్చు, అందరికీ ఒకే రేటు. పెళ్లివారికి ఆ నిశ్చింత విలువైనదే.

ఇంట్లో పెద్దాయనకు బాగాలేదని కబురొచ్చింది. రేపు పొద్దున్నే వెళ్లాలి. ఖాళీ సీట్లుంటే చివర్లో తగ్గిస్తారా?

తగ్గించరు. చివరి రెండు రోజుల్లో కొనేవారు తప్పక వెళ్లాల్సినవారని సిస్టం అంచనా. వ్యాపారం మీద వెళ్లేవారి కోసం వేసిన ఆ లెక్క, కన్నీళ్లతో వచ్చినవాళ్ల మీద కూడా అలాగే పడుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే.

అప్పుడు నేను చేసే పని చెబుతాను. ముందు ఒక్కొక్క సీటుగా చూస్తాను. తర్వాత పక్క విమానాశ్రయాలు: రాజమహేంద్రవరానికి లేకపోతే గన్నవరం, తిరుపతికి లేకపోతే చెన్నై. ఒక ఆగుడుతో వెళ్లే విమానాల్లో కింది మెట్టు తెరిచి ఉందేమో చూస్తాను, పైన చెప్పిన ఢిల్లీ–లండన్ లెక్క ఇక్కడ మనవైపు పనిచేస్తుంది. అర్ధరాత్రి దాటాక ఇంకోసారి చూస్తాను, డబ్బు కట్టని హోల్డులు అప్పుడు పడుతుంటాయి. మొన్న వేసవిలో ఒకబ్బాయి పుణె నుంచి ఫోన్ చేశాడు, నాన్నగారు ఐసీయూలో ఉన్నారని. రాత్రి పదకొండున్నరకు హైదరాబాద్‌కు 11,200 చూపించింది. పన్నెండూ పదికి రెండు సీట్లు కింది మెట్టులో పడ్డాయి, 6,900. ఒకటి అతనికి, ఒకటి వాళ్ల చెల్లికి తీశాను. పొద్దున ఆరుకల్లా ఇద్దరూ ఎయిర్‌పోర్టులో ఉన్నారు.